లారీ పేరున రాసిన జబ్బు

రోగుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను జాలిగా అడుగుతారు, "మేడమ్, మీ కాలంలో కంప్యూటరు లేకుండా ఎట్లా నెట్టుకొచ్చారు?" అని. లేకుండా నెట్టుకురావడం పెద్ద పనేం కాదు నాయనా. అది వచ్చాకే నెట్టుకురావడం కష్టమైంది. నెట్టుకొచ్చాం కూడా. కాకపోతే అందుకోసం మా ఆసుపత్రి ఒక లారీని రోగిగా చేర్చుకోవలసి వచ్చింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

నేను పనిచేసింది బళ్లారి శివార్లలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో. ఇనుప ఖనిజం లారీలు పోయే రోడ్డు సరిగ్గా మా గేటు ముందే. చైనావాళ్లు మా ఎర్రమట్టిని ఎగబడి కొంటున్న రోజులవి. రోడ్డు దాటాలంటే పెళ్లి ముహూర్తం చూసుకున్నంత పని. గోడలకు ఏ రంగు వేయించినా నెల తిరిగేసరికి ఎర్రగా అయ్యేవి. నర్సుల తెల్ల చీరలు ఉతికి ఉతికి చివరికి లేత ఇటుక రంగు దగ్గర ఆగిపోయాయి. ఇక లాభం లేదని మా యాజమాన్యం ఆ రంగునే యూనిఫారంగా ప్రకటించి పరువు కాపాడుకుంది.

నాది ఓపీ కిటికీ. పేరు, ఊరు, వయసు అడిగి కార్డు రాసివ్వడం, పాత కార్డు తెచ్చినవాళ్లను లోపలికి పంపడం నా పని. ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. లారీలవాళ్ల విషయంలో మా కార్డు మనిషిది కాదు, లారీది. లారీ యజమానులకూ మా ఆసుపత్రికీ ఒక ఒప్పందం. తమ బండి మీద పనిచేసేవాళ్లు ఎవరొచ్చినా చూడాలి, తర్వాత సంగతి యజమాని చూసుకుంటాడు. అందుకని కార్డు మీద లారీ నంబరు, యజమాని పేరు మాత్రమే ఉండేవి. ఆ కార్డు పర్మిటు కాగితాలతో పాటు క్యాబిన్లో డ్రైవరు తల మీది అరలో ఉండేది. డ్రైవరు మారితే కార్డు మారదు. స్టెప్నీ టైరు మారదు కదా, అట్లాగే. ఆ రోజుల్లో డ్రైవర్లు చొక్కా మార్చినంత సులువుగా లారీ మారేవాళ్లు. అప్పటికి స్టీరింగు ముందు ఎవరుంటే వాళ్లు కార్డు పట్టుకొచ్చేవాళ్లు. ఒక్కోసారి క్లీనరు తెచ్చేవాడు. ఒక్కోసారి క్లీనరు భార్య తెచ్చేది.

దీనివల్ల ఏ ఉపద్రవమూ రాలేదు. ఎందుకంటే మా పెద్ద డాక్టరు కార్డు చూసేవారు కాదు, మనిషిని చూసేవారు. ఆయన ధార్వాడ వైపు కన్నడిగుడు. బళ్లారిలో తల నెరిసింది కాబట్టి తెలుగూ వచ్చు, కాకపోతే కోపమొస్తే మాత్రం కన్నడంలోకి దిగిపోయేవారు. రోగి నాలుక చాపించి, కళ్లు లాగి, కడుపు నొక్కి, "ఏమప్పా, ఎప్పటినుంచి?" అని మొదటినుంచీ అడిగేవారు. వెనక పేజీల్లో ఏముందో ఆయనకు అక్కర్లేదు. పైగా అది ఆయన చేతిరాతే, ఆయనకే తెలిసేది కాదు.

అప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. రోడ్డు మీది దుమ్ముకు పరిహారంగానో పుణ్యానికో, గనివాళ్లే ఇచ్చారు. పూలమాలలు వేసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాం. ఆ నీళ్లు మీద పడి మొదటి కీబోర్డు ప్రారంభోత్సవం నాడే కాలం చేసింది. కంప్యూటర్ల కోసమని ఒక గదికి ఏసీ పెట్టించారు. ఆసుపత్రిలో ఏసీ ఉన్నవి రెండే చోట్లు, ఆపరేషన్ థియేటరూ ఈ గదీ. మొదటిదానిలోకి ఎవరూ ఇష్టపడి పోరు కనుక అందరికీ రెండోదానిలోనే పనులు పడేవి. ఇక కరెంటు సంగతి. పక్కనే కుడతినిలో అంత పెద్ద పొగగొట్టాలు కట్టి కరెంటు తయారుచేస్తుంటే, అది మా గోడ మీదుగా బెంగళూరు పోయేది. మేం మధ్యాహ్నాలు చీకటి తెరల ముందు కూర్చుని విసనకర్రతో విసురుకునేవాళ్లం.

అయినా నాకు కంప్యూటరంటే మొదటినుంచీ మోజే. ఒప్పుకుంటే సిగ్గేముంది? ఎర్రమట్టి కొట్టుకుపోయిన బీరువాల్లో దగ్గుకుంటూ కార్డులు వెతికిన మనిషికి, నంబరు కొట్టగానే రోగి బయటికి రావడం దేవుడు ప్రత్యక్షమైనట్టే ఉంటుంది. ఇదంతా పెట్టడానికి బెంగళూరు నుంచి ఒక తెలుగు ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. కానీ ఏమడిగినా "సిస్టమ్ ఒప్పుకోదు మేడమ్" అనేవాడు. సిస్టమ్ ఎవరో మేనమామ అయినట్టూ, ఆయన కోపానికి ఇంట్లో అందరూ భయపడుతున్నట్టూ ఉండేది అతని మాట.

పాత కార్డులన్నీ ఎక్కించాలన్నాడు. ఒక నంబరుకు ఒక మనిషి. పేరు, వయసు, ఆడో మగో చెప్పకపోతే తెర ముందుకు కదలదు. లారీ కార్డులు వచ్చేసరికి చిక్కొచ్చింది. పేరు లేదు.

"ఇప్పుడు ఆ లారీ ఎవరు నడుపుతున్నారో కనుక్కుని వాళ్ల పేరు వేసేయండి మేడమ్. ఖాళీగా వదిలితే సిస్టమ్ ఒప్పుకోదు" అన్నాడు ఇంజనీరు.

సరేనని యజమానులకు ఫోన్లు చేశాం. ఇవాళ మీ బండి మీద ఎవరున్నారని అడిగి, ఆ పేరు వేసి, ఆ కార్డులో పేజీ పేజీకీ ఉన్నదంతా ఆ మనిషి కింద ఎక్కించాం. అందరం పోటీ పడి ఎక్కించాం. పని ముగిసిన రోజు పెద్ద డాక్టరు మా అందరికీ మైసూర్‌పాక్ తెప్పించారు. సంగీత కుర్చీల ఆటలో పాట ఆగినప్పుడు ఎవరు కూర్చుని ఉంటే, ఇంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లందరి జబ్బులూ వాళ్లకు అంటగట్టామని ఎవరికీ తోచలేదు.

తోచకపోయినా పర్వా లేకపోయేది. కానీ కంప్యూటర్లు ఇచ్చినవాళ్లు తమ గని గేటు దగ్గర ఒక కొత్త నియమం పెట్టారు. లోపలికి వచ్చే ప్రతి డ్రైవరూ, కూలీ, కాపలావాడూ మా ఆసుపత్రి కంప్యూటరు నుంచి ఆరోగ్యంగా ఉన్నట్టు ప్రింటౌటు తేవాలి. చేత్తో రాసింది చెల్లదు. వాళ్లను చూసి మిగిలిన గనులు, ఖనిజం కుప్పలు పోసే ప్లాట్లు కూడా అదే పట్టుకున్నాయి.

అట్లా ఒక రోజు ఒక డ్రైవరు నా కిటికీ ముందుకొచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. కురుగోడు పక్క పల్లెవాడు. చేతిలో మేమిచ్చిన ప్రింటౌటు.

"అక్కా, నాకు శానా రోగాలుండాయంట గదా. గేటుకాడ సదివి సెప్పినారు. మీరు నాకెప్పుడూ సెప్పనే ల్యా."

కాగితం తీసుకుని చూశాను. వరిబీజం ఆపరేషను. రక్తం రెండు రకాలు, ఒకచోట ఓ, ఒకచోట బీ. మధ్యలో ఐదో నెల గర్భం, బిడ్డ కదలిక బాగుంది. అన్నిటికంటే పైన, లావు అక్షరాల్లో, మూర్ఛ రోగి, మాత్రలు వాడుతున్నాడు.

"నీకు ఫిట్సు వస్తాయా?" అన్నాను, మిగతావి అడిగే ధైర్యం లేక.

"నాకు రావక్కా. ఆ కార్డు లారీది. నేను దాని మిందికి ఎక్కి ఏడాది గూడా కాల్యా. గేటోళ్లు మటుకు ఫిట్సోనికి స్టీరింగు యెట్లిస్తారని తరిమినారు."

అతని వెనకే లారీ యజమాని ఉన్నాడు. కాలువ కింద వరి పండించే పాతకాలపు రైతు కుటుంబం. ఖనిజం బూమ్‌లో అందరితో పాటు తనూ లారీలు కొన్నాడు. ఎద్దుల్ని చూసుకున్నట్టు చూసుకుంటాడని పేరు. ఆయన గొంతు తగ్గించి, "మనిషి మంచోడే మేడమ్. నాకేం అనుమానం లేదు. కానీ బండి నిలబడితే నాకు అన్నం దిగదు. అమాసలోపల సరైన కాగితం తెస్తే సరి, లేకుంటే వేరేవాణ్ణి కూసోబెడతా. ఈ సంగతి వానికీ చెప్పినా" అన్నాడు.

డ్రైవరు ఆయన వెళ్లేదాకా ఆగాడు. తర్వాత కిటికీ చువ్వలు పట్టుకుని అన్న మాట నాకిప్పటికీ గుర్తే.

"మా తాత వొంగి పనిజేసినాడు. మా నాయనా వొంగి పనిజేసినాడు. మా ఇంట్ల కూసోని పనిజేసేది నేనే మొదలక్కా. ఆ సీటు పోతే మల్లా వొంగాల్సిందే."

అతన్ని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఓపిగ్గా పరీక్ష చేశారు. ఇంటివాళ్లను పిలిపించి అడిగారు. ఎన్నడూ మూర్ఛ లేదు. తన కాగితం మీద తన చేత్తో ఈ మనిషికి ఏ జబ్బూ లేదని రాసి ముద్ర వేసి పంపారు. గేటువాళ్లు చేతిరాత చెల్లదన్నారు. సరేనని ఆయన ఒక వేలితో కొట్టుకుంటూ అదే మాట కంప్యూటర్లో ఎక్కించారు. ఈసారి ప్రింటౌటులో పైన మూర్ఛ రోగి అనీ కింద మూర్ఛ లేదనీ వచ్చింది. గేటువాళ్లు పై వరస చదివి కాగితం వెనక్కి ఇచ్చేశారు. కింద వరస దాకా చదివే తీరిక ఆ బూమ్‌లో ఎవరికుంది?

అమావాస్య దగ్గర పడింది. డాక్టరుగారు ఇంజనీరును పిలిపించారు. ఏసీ గదిలో మేం నలుగురం. డాక్టరు, ఇంజనీరు, నేను, చెప్పులు బయట విడిచి వచ్చి గోడకు అంటుకున్న డ్రైవరు.

"ఆ మూర్ఛ మాట తీసెయ్యి" అన్నారు డాక్టరు.

"తీయడానికి సిస్టమ్ ఒప్పుకోదు సార్. ఒకసారి ఎక్కిన జబ్బు చెరపకూడదు. రోగి భద్రత కోసం అట్లా పెట్టారు."

"ఏ రోగి భద్రతయ్యా? వీడు రోగే కాదు కదా!"

"కావాలంటే మార్చొచ్చు సార్. నంబరు తప్పయితే ఇంకొక రోగి కిందికి పంపించే ఏర్పాటు ఉంది. కానీ ఎవరో ఒకరి కిందికి పోవాలి. ఊరికే గాల్లో వదలడానికి లేదు."

డాక్టరుగారు కుర్చీ అతని వైపు జరుపుకున్నారు. "నువ్వు తీసుకుంటావా?" అన్నారు. ఇంజనీరు నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి మానేశాడు.

తర్వాత డ్రైవరు వైపు తిరిగారు. "ఏనప్పా, నిజ హేళు, నిజం చెప్పు. ఈ ఫిట్సు ఎవరివో నీకు తెలుసు. నీకంటే ముందు ఆ లారీ నడిపినవాడు ఎవరు? పేరు చెప్తే వాడి కిందికి పంపిస్తా, నీ కాగితం ఇప్పుడే ఇస్తా."

డ్రైవరు నేల చూశాడు. "తెల్దు సార్."

"యాడ ఉండాడో తెలీదా, పేరే తెలీదా?"

"ఏమీ తెల్దు సార్."

అబద్ధమాడటం రాని మనిషి. చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిస్తే తన సీటు తనకు దక్కుతుంది, ఆ రెండోవాడి సీటు పోతుంది. అది అతనికి తెలుసు, మాకూ తెలుసు. డాక్టరుగారు మళ్లీ అడగలేదు. నాకు మాత్రం కోపం నషాళానికి అంటింది. అతని మీద కాదు. ఒక జబ్బును పారేయడానికి చోటు లేక నలుగురు పెద్దమనుషులు దిక్కులు చూస్తున్నందుకు.

"కార్డు లారీది కదా. జబ్బులన్నీ లారీకే ఇచ్చేయండి" అన్నాను విసురుగా.

విసురుగా అన్న మాటే. కానీ ఇంజనీరు నిజంగానే ఆలోచించాడు. కొత్త రోగిని సృష్టించడానికి సిస్టమ్‌కు అభ్యంతరం లేదు. పేరు కావాలన్నాడు. లారీ నుదుటి మీద ఏం రాసుందని అడిగితే డ్రైవరు మెల్లగా "శ్రీ హులిగెమ్మ ప్రసన్న" అన్నాడు. మా జిల్లాలో ఆ అమ్మవారి పేరు పెట్టుకున్న ఆడవాళ్లు వీధికి ఒకరు. ఎవరికీ అనుమానం రాదు. పేరు హులిగెమ్మ. స్త్రీ. స్త్రీ అనగానే ఆ ఐదో నెల గర్భానికి కూడా న్యాయం జరిగింది. వయసు ఎంతన్నాడు ఇంజనీరు.

"నాలుగేండ్ల కింద కొన్న బండి" అన్నాడు డ్రైవరు.

"నాలుగేళ్లంటే గర్భానికి సిస్టమ్ ఒప్పుకోదు."

"ముప్పై వెయ్యి" అన్నారు డాక్టరు. వరిబీజం సంగతేమిటన్నాడు ఇంజనీరు. "గడ్డ అని రాయి, ఆడవాళ్లకూ వస్తుంది." ఊరు, వీధి నేను చెప్పాను. అంతా సిద్ధమయ్యాక మార్చమంటారా అని ఇంజనీరు ఆగిపోయాడు. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇదు సరి అల్ల" అని తనలో తను గొణుక్కున్నారు, ఇది సరైన పని కాదని. గొణుక్కుంటూనే ముందుకు వంగి ఆ మీట తన వేలితోనే నొక్కారు. అప్పుడు ఆయన మీద కలిగినంత గౌరవం నాకు మరొకరి మీద ఎన్నడూ కలగలేదు.

ప్రింటరు కిర్రుమంటూ తెల్లటి కాగితం ఒకటి వదిలింది. పేరు, వయసు, కింద ఏమీ లేదు. డ్రైవరు ప్రింటరుకు దండం పెట్టుకుని పోయాడు. ఆ రోజంతా నాకు హుషారే. మా ఊరి పక్క సంగనకల్లు గుట్ట మీది రాతియుగం మనుషులు నయమని మా డాక్టరుగారు టీ తాగుతూ అన్నారు, వాళ్ల గొడ్డళ్లు దొరికాయి కానీ వాళ్ల జబ్బులు ఎవరికీ దొరకలేదని. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాం.

వానలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం అదే డ్రైవరు మళ్లీ వచ్చాడు. ఈసారి పక్కన ఇంకొకాయన ఉన్నాడు. యాభై దగ్గర వయసు, బొద్దు మీసం, నుదుటి మీద కొత్త గాయం, కట్టు కూడా సరిగా కట్టుకోలేదు.

"అక్కా, ఈయన మా అన్న. సొంతన్న గాదు. నాకు స్టీరింగు నేర్పినాయన" అన్నాడు డ్రైవరు.

నాకు సగం అర్థమైపోయింది. డాక్టరుగారి గదిలోకి తీసుకుపోయాను. తలుపు వేశాక డ్రైవరే మొదలుపెట్టాడు.

"సార్, ఆ పొద్దు మీరు అడిగినారు గదా. ఈయనే. నేను పేరు సెప్పింటే ఈయన సీటు పోయేది, అందుకే సెప్పల్యా. నిన్న ప్లాటుకాడ బండి నిలిపి దిగినాడు సార్. దిగిన మరుచ్చణం పడిపోయె. తాళం చేతిలో పెట్టి పట్టుకున్నాం. దిగకముందే వచ్చింటే ఏమై ఉండునో. పేరు సెప్పకపోతే సీటు మిగుల్తాదనుకున్నా, మనిషే మిగలడని నిన్న తెలిసొచ్చె."

మా వైపు ఫిట్సు వచ్చినవాళ్ల చేతిలో ఇనుప వస్తువు పెడతారు. డ్రైవర్ల దగ్గర ఎప్పుడూ ఉండే ఇనుము లారీ తాళంచెవే.

ఆ పెద్దాయన కథ చిన్నదే. హులిగెమ్మ లారీ నడిపిన రోజుల్లో ఆ కార్డు మీద మా ఆసుపత్రిలోనే మాత్రలు తీసుకునేవాడు. ఫిట్సు ఆగిపోయాయి. కంప్యూటర్లు వచ్చేలోపు ఇంకొకరి కొత్త లారీకి మారాడు. ఆ కొత్త లారీ కార్డు ఖాళీ. కాబట్టి మా కంప్యూటరు ప్రకారం అతనికి జలుబు కూడా లేదు. గేటు దగ్గర దర్జాగా పోయేవాడు. మాత్రలు కావాలని అడిగితే అది అతని పేరు కింద ఎక్కుతుంది. ఎక్కితే గేటు మూసుకుంటుంది. బయట కొందామంటే మందుల దుకాణంలో డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు. అందుకని మానేశాడు. దుమ్ము కొట్టుకుపోయిన అట్ట కార్డు ఉన్నన్నాళ్లూ మందు మింగిన మనిషి, రోగి భద్రత కోసం కంప్యూటరు పెట్టాక మందు మానేశాడు. ఇది విన్నాక నా మోజు ఎంత మిగిలిందో మీరే ఊహించుకోండి.

ఆయన తల వంచుకుని చెప్పాడు. "ఆ జబ్బు నాదే సార్. దాన్ని లారీ మింద రాసినారంట గదా. అట్లే ఉండనీండి. మాత్రలు మటుకు ఇప్పించండి."

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. ఆయనకు అంత కోపం రావడం నేను చూడలేదు. కన్నడంలో తిట్టారు, తెలుగులో తిట్టారు. రోడ్డు మీద బడికి పోయే పిల్లలున్నారని, సైకిళ్ల మీద కూలీలున్నారని, అంత బరువు లోడు పెట్టుకుని ఏ ధైర్యంతో ఎక్కావని అరిచారు. ఆ మనిషి అన్నీ విన్నాడు. అరిచి అరిచి అలిసిపోయాక డాక్టరుగారు చెయ్యి చాపారు.

"ఫిట్సు వస్తే నీ చేతిలో తాళం పెట్టారు కదా. ఇప్పుడు అది నా చేతిలో పెట్టు. మీ యజమానికి నేనే పంపిస్తా. నేను చెప్పేదాకా బండి ఎక్కనని మాట ఇయ్యి. ఇస్తే నీ మాత్రల సంగతి నేను చూస్తా."

ఆ తాళం జేబులోంచి రావడానికి చాలాసేపు పట్టింది. బల్ల మీద పెట్టాక కూడా రెండు వేళ్లు దాని మీదే ఉండిపోయాయి. పక్కన ఆ డ్రైవరు గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. నాకూ కళ్లు నిండాయి. దుమ్ము పడిందని చెప్పే సౌకర్యం మా ఊళ్లో ఎప్పుడూ ఉంటుంది.

ఆయన యజమాని మంచివాడు. స్టీరింగు నుంచి దించి ప్లాటులో కాటా దగ్గర చీటీలు చూసే పని ఇచ్చాడు. కానీ అక్కడికి పోవాలన్నా అదే గేటు, అదే ప్రింటౌటు. ఫిట్సు అని ఉంటే కాటా దగ్గరికి కూడా రానివ్వరు. అందుకని మాత్రలు అతని పేరున రాయలేదు. లారీ పేరున రాశారు.

ఆ విధంగా హులిగెమ్మ మా ఆసుపత్రిలో నెల నెలా మందు తీసుకునే రోగి అయింది. మందుల కిటికీ దగ్గర పేర్లు గట్టిగా పిలుస్తారు. "హులిగెమ్మా!" అనగానే బొద్దు మీసాలాయన లేచి వచ్చేవాడు. మొదట్లో వరసలో ఉన్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. తర్వాత, పెళ్లానికి జబ్బైతే తప్పకుండా వచ్చి మందు తీసుకుపోతున్నాడని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకామె తన మొగుడికి ఆయన్ని చూపించి బుద్ధి చెప్పడం నేను చెవులారా విన్నాను.

ఆ తర్వాత కంప్యూటర్లు ఇచ్చినవాళ్లు ఎట్లా పనిచేస్తున్నాయో చూడ్డానికి వచ్చారు. ఇంజనీరు తెర మీద అంకెలూ గీతలూ చూపించాడు. చాలామంది రోగులు మధ్యలో మందు మానేస్తారు కదా, ఒక్క రోగి మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. తమ పుస్తకంలో వేసుకోవడానికి ఆమె ఫోటో కావాలన్నారు, పిలిపించమన్నారు. ఇంజనీరు ముఖం పాలిపోయింది. నేను ఫైళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాను.

డాక్టరుగారు మాత్రం తొణకలేదు. "ఆమె ఇప్పుడు మంగళూరు రేవులో ఉంది" అన్నారు.

"అంత దూరమా? ఏం పని మీద?"

"లోడు తీసుకుపోయింది."

పాపం, ఎంత కష్టపడుతోందో అన్నారు వాళ్లు. ఫోటో లేకుండానే ఆమె గురించి నాలుగు మంచి మాటలు వేశారు.

తర్వాత మీకు తెలిసిందే. ఒక ఉదయం లేచేసరికి కోర్టు ఆజ్ఞతో గనులు ఆగిపోయాయి. రోడ్డు దాటడానికి ముహూర్తం అక్కర్లేకపోయింది. లారీలు పొలాల గట్ల మీద వరసగా నిలబడి ఎండకు ఎండి, వానకు తుప్పు పట్టాయి. హులిగెమ్మను పాత ఇనుముకు తీసుకుపోయారని దాని యజమాని రైతే వచ్చి చెప్పాడు, ఇంట్లో మనిషి పోయినట్టు మొహం పెట్టుకుని. ఆ డ్రైవరు అదే రైతు దగ్గర ట్రాక్టరు ఎక్కాడు. కూర్చునే పనిచేస్తున్నాడు, అది నాకు సంతోషం. పెద్ద డాక్టరు రిటైరై ధార్వాడ వెళ్లిపోయారు. కాటా మూతపడింది కాబట్టి మీసాలాయన కుడతినిలో కట్టడాల పనుల దగ్గర గోడలకు నీళ్లు పోసే పనికీ, ఇంకో చిన్న పనికీ పోతూ ఉండేవాడు. నెల నెలా మాత్రలకు మాత్రం తప్పేవాడు కాదు. ఫిట్సు మళ్లీ రాలేదు.

నేను రిటైరయ్యే ముందు పాత సిస్టమ్ తీసేసి కొత్తది పెట్టారు. ఇందులో తప్పులు దిద్దుకోవచ్చు. ఎక్కించాల్సిన పేర్లు చూస్తుంటే హులిగెమ్మ వచ్చింది. ఇనుముగా కరిగిపోయిన మనిషికి ఇంకా మాత్రలిస్తున్నామనిపించి, ఆయన వచ్చినప్పుడు లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

"ఇప్పుడు గేటు లేదు, కాటా లేదు. నిన్ను ఎవరూ కాగితం అడగరు. ఈ జబ్బు లారీ మీదినుంచి తీసి నీ పేరుకు మార్చేస్తానప్పా. రేపు నువ్వు యాడన్నా పడిపోతే, ఏ ఆసుపత్రికి తీసుకుపోయినా వాళ్లకు తెలియాల కదా."

ఆయన నేను తెర మీద తెరిచి చూపించిన తన పేరు వైపు చూశాడు. దాని కింద అంతా ఖాళీగా ఉంది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఖాళీ తెలుస్తుంది కదా.

"వద్దు మేడమ్" అన్నాడు. "రేషన్ కార్డులో నేను పేదోణ్ణని ఉండాది. బ్యాంకు పుస్తకంలో నేను అప్పులోణ్ణని ఉండాది. నేను బాగుండానని సెప్పే కాగితం నాకు అదొక్కటే. దాన్నట్లే ఉండనీండి."

నేను ఏమీ దిద్దలేదు. ఆ నెల మాత్రలు ఇప్పించి పంపాను, లారీ పేరునే.